వియ్యపురాళ్ళ ఆల్బమ్

మా అత్తగారు నా ముందు కూర్చోరు. మా పెళ్ళయి ఇన్నేళ్ళయినా అంతే. నేను వసారాలో ఉంటే ఆమె నడవలో ఉంటారు. నేను నడవలోకి అడుగు పెడితే ఆమె వంటింట్లోకి వెళ్ళిపోతారు. నాతో ఏదైనా చెప్పాలంటే తలుపు వెనక నిలబడి మా ఆవిడతో చెబుతారు. "అల్లుడుగారిని ఇంకొంచెం పులుసు పోసుకోమను మ్మే" అంటారు. నేను నాలుగడుగుల దూరంలో కూర్చుని వింటూనే ఉంటాను. విడవలూరు వైపు సేద్యం చేసుకునే ఇళ్ళలో అల్లుడికిచ్చే మర్యాద అది. అలాంటి మనిషి చేత పాటలు పాడించి, రికార్డు చేసి, ఊరూరా అమ్మాలని నేను పూనుకున్నాను.

నేను కీబోర్డు వాయిస్తాను. మా ఇల్లు బిట్రగుంటలో, రైల్వే కాలనీకి ఆనుకుని ఉన్న వీధిలో. కుర్రతనంలో పెళ్ళిళ్ళకు వాయించే ఆర్కెస్ట్రాలో ఉండేవాణ్ణి. తర్వాత డీజే పెట్టెలొచ్చాయి, మా ఆర్కెస్ట్రా పలచబడి పలచబడి ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఆగిపోయింది. నేను ఇంట్లోనే ఒక గదిలో కంప్యూటరూ మైకూ పెట్టుకుని, బట్టల షాపుల ప్రకటనలూ, బడి వార్షికోత్సవాల పాటలూ రికార్డు చేసుకుంటూ బతుకుతున్నాను. సొంతంగా ఒక ఆల్బమ్ చేసి నా చేతులతో నేనే అమ్ముకోవాలని కోరిక మాత్రం ఉండేది. ఏం పాటలు చేయాలో తోచేది కాదు.

అది తోచింది ఒక పెళ్ళి భోజనాల దగ్గర. మా ఆవిడ తరఫు బంధువుల ఇంట్లో పెళ్ళి. మధ్యాహ్నం రెండో బంతి నడుస్తుండగా కరెంటు పోయింది. జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. అప్పటిదాకా గుండెలదిరేలా మోగిన డీజే ఒక్కసారిగా ఆగేసరికి, షామియానా కింద అందరం చెవుల్లో నీళ్ళు పోయినవాళ్ళలా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం. అంతలో ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఒక గొంతు లేచింది.

"లడ్డు చిన్నదంటివి వియ్యపురాలా,
బూరె చల్లదంటివి వియ్యపురాలా,
చిన్నదీ చల్లదీ ఏమాయెనమ్మా,
ఆకులోన చూడబోతే ఆకు మిగిలెనే!"

పెళ్ళికొడుకు తల్లి నోట్లో అప్పుడు నిజంగానే బూరె ఉంది. ఆమెకు నవ్వాగక, మింగలేక, కళ్ళ నీళ్ళు తిరిగాయి. చుట్టూ ఆడవాళ్ళంతా "ఆకు మిగిలెనే" అని వంత అందుకున్నారు. వడ్డించేవాళ్ళు గంగాళాలు దించి నిలబడిపోయారు. ఎవరా పాడేది అని నేను గుంజ పక్కనుంచి తల వంచి చూశాను. మా అత్తగారు. నేను అక్కడ ఉన్నానని ఆమెకు తెలియదు. ఆమె గొంతు పచ్చిమామిడి ముక్క కొరికినట్టు ఉంది. కరెంటు వచ్చి డీజే మళ్ళీ మొదలవగానే జనం "ఆపరా నాయనా" అని కేకలేశారు. డీజేను ఆపమనడం నేను వినడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం తిరుగు దారిలో మా ఆవిడతో అన్నాను, మీ అమ్మ పాటలు రికార్డు చేద్దామని. ఆమె బండి వెనక నుంచి నా భుజం మీద చరిచింది. "మీ ముందర మాట్లాడేదానికే సిగ్గుపడే మనిషి, మైకు ముందర పాడుద్దా?" అంది. అయినా అడిగింది. జవాబు తలుపు వెనక నుంచి మామూలు పద్ధతిలోనే వచ్చింది. "అల్లుడు నోరు తెరిచి అడిగితే కాదనకూడదు. అల్లుడి ముందర పాడనూ కూడదు. నేనేం చేసేది మ్మే?"

చిక్కు విప్పింది మా ఆవిడే. మా అత్తగారింట్లో నడవకు అవతల వడ్ల కొట్టుగది ఉంది. కోతలయ్యాక బస్తాలు చూరు దాకా పేర్చి ఉన్నాయి. అత్తగారు ఆ గదిలో బస్తాల మధ్య కూర్చుని పాడాలి. మైకు ఆమె దగ్గర, దాని తీగ తలుపు కింద నుంచి వసారాలోకి, వసారాలో నేను, నా లాప్‌టాప్. అల్లుడూ కనబడడు, మాటా పోదు.

మొదట కొన్ని రోజులు అన్నీ తిప్పలే. ఎదురుగా మనిషి లేకపోతే ఆమెకు పాట రాదు. "ఎవురికి పాడేది, ఈ బస్తాలకా?" అని అడిగారు. మా ఆవిడ లోపలికి వెళ్ళి ఎదురుగా కూర్చుంది. అది చాలలేదు. నాట్లకు ఆమెతో కలిసి వెళ్ళే ఆడవాళ్ళు నలుగురైదుగురు వచ్చి చేరారు. వాళ్ళు వంత బాగా పాడేవారు గానీ, నవ్వు మాత్రం చరణం మధ్యలోనే వచ్చేసేది. ఇంకోసారి పాడించమని నేను కబురంపితే, రెండోసారి పాటలో మాటలు మారిపోయేవి. లడ్డు జాంగ్రీ అయ్యేది, బూరె గారె అయ్యేది.

"అట్నే మళ్ళా పాడమంటుండారు మ్మా" అని మా ఆవిడ చెప్పేది.

"పాడిందే మళ్ళా పాడేదానికి నేనేమన్నా రేడియోనా? మొదటిది వినేసినారు గదా అల్లుడుగారు. ఇది ఇంకోటి."

చివరికి నేనే దారికి వచ్చాను. ఆమె పాడిందల్లా వదలకుండా పట్టుకోవడం, ఇంటికొచ్చి అందులో మంచిది ఏరుకోవడం. ఒక సంగతి మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. ఆ గదిలో గొంతు అంత శుభ్రంగా ఎలా వస్తోందా అనుకున్నాను. గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దమే లేదు. నా గదికి ఫోమ్ పలకలు అంటించి సాధించాలని చూసింది, ఆ వడ్ల బస్తాలు ఊరికే చేసి పెడుతున్నాయి.

ఆ సంతోషం ఎక్కువకాలం నిలవలేదు. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి మామగారు వడ్లు అమ్మేశారు. గది బోసిగా ఉంది. అయినా మిగిలిన పాటలు పాడించాను. ఇంటికి వచ్చి విన్నాను. మా అత్తగారు బావిలో దిగి పాడుతున్నట్టుంది. మర్నాడు మా ఆవిడా, ఆ ఆడవాళ్ళూ కలిసి ఇంట్లో ఉన్న పరుపులు, బొంతలు, దుప్పట్లు, చివరికి పట్టుచీరల మూటలు కూడా తెచ్చి గోడల చుట్టూ వేలాడదీశారు. లోపల ఉక్క. పాడేవాళ్ళు చెమటతో తడిసి ముద్దయ్యారు. తలుపు వెనక నుంచి అత్తగారి మాట వినిపించింది. "వడ్లతో పనుండాదని అల్లుడుగారు ముందే ఒక మాట చెప్పుంటే, రేటు పెరిగేదాకా అట్టిపెట్టేవాళ్ళం గదా మ్మే. రెండు విధాలా బాగుండేది."

పాటలన్నీ చేతికొచ్చాక వాటిని పూర్తి చేయడం నా వంతు. నాకు అదే చేతకాలేదు. డోలక్ వేశాను. బాగుందనిపించి వయొలిన్లు వేశాను. వయొలిన్లకు తోడు వేణువు. ఎక్కడో ఖాళీ కనబడితే అక్కడ నా కీబోర్డు. ప్రతి వారం కొత్తది చేర్చడం, మా ఆవిడకు వినిపించడం, ఆమె తలూపడం. ఒకరోజు మాత్రం ఆమె కూరగాయలు తరుగుతూ, కత్తిపీట పక్కన పెట్టి అడిగింది.

"అంతా బాగుండాది. మా అమ్మ యాడుందీ దీంట్లో?"

నాకు కాస్త కోపం వచ్చింది. తర్వాత హెడ్‌ఫోన్స్ తీసి, మామూలు స్పీకరులో పెట్టి, వంటింట్లోకి వెళ్ళి దూరం నుంచి విన్నాను. నిజమే. పెళ్ళి ఊరేగింపులో పెళ్ళికూతురు కనబడనట్టుంది. వయొలిన్లు తీసేశాను. వేణువు తీసేశాను. నా కీబోర్డు తీసేయడానికి మనసొప్పలేదు, ఒక్క పాటలో ఉంచుకున్నాను. డోలక్, చిడతలు, ఆడవాళ్ళ చప్పట్లు మిగిలాయి. పాట ఊపిరి పీల్చుకుంది.

ఇంక అయిపోయినట్టే అనుకున్న సమయంలో మా అమ్మ విన్నది.

మా అమ్మ మాతోనే ఉంటుంది. రైల్వేలో పనిచేసిన మా నాన్న పోయాక ఇంటి పెత్తనం ఆమెదే. గట్టి మనిషి, గట్టి గొంతు. మా వీధి చివర పాలవాడు సైకిలు స్టాండు వేయకముందే "నీళ్ళు తక్కువ పొయ్యి నాయనా" అని ఇక్కడి నుంచి చెప్పగలదు. ఇన్నాళ్ళూ ఆమె ఈ పాటలను పట్టించుకోలేదు. ఆ రోజు గది తలుపు తీసి ఉంది, లోపల ఈ పాట మోగుతోంది.

"బిట్రగుంట వదినమ్మ బయలుదేరెనే,
రైలుకన్న ముందుగా కూత వచ్చెనే,
గేటు వేసి నిలబడండి ఊరివారలారా,
ఆగమన్న ఆగదమ్మ ఆమె నోటి బండి!"

వియ్యపురాళ్ళు ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. బిట్రగుంటలో మా అత్తగారికి ఉన్న వదిన ఒక్కరే. మా అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో గరిటె.

"ఇంకోసారి పెట్టు" అంది.

పెట్టాను. ఈసారి లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని విన్నది. మా ఆవిడ వంటింట్లో గిన్నెలు అవసరానికి మించి తోముతోంది.

"ఎవురురా అబ్బయ్యా ఈ వదినమ్మ?"

"ఊరికే పాటమ్మా. పెళ్ళిపాట. ఎవరో ఒకరి ఊరు పెట్టాలి గదా."

"ఎవురో ఒకరి ఊరు కావాలంటే కావలి లేదా? ఒంగోలు లేదా?" అని లేచి వెళ్ళిపోయింది.

రెండు రోజులు ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. నేను ఆ పాట తీసేద్దామనుకున్నాను. తీసేస్తే ఆల్బమ్‌లో ప్రాణమే పోతుంది. మూడో రోజు పొద్దున పెరట్లో బట్టలారేస్తూ అమ్మ ఏదో కూనిరాగం తీస్తోంది. దగ్గరికి వెళితే అదే వరస. నన్ను చూసి ఆపలేదు. "మైకు పెట్టు" అంది. "ఆమె తిట్టింది తిట్టినట్టు అమ్ముతావా? మగపెళ్ళివాళ్ళకి నోరు లేదనుకుంటారు జనం."

మా ఇంట్లో రికార్డింగంటే రైళ్ళతో పేచీ. ఏ బండి ఎప్పుడొస్తుందో అమ్మకు తెలుసు. వాటి మధ్య ఖాళీలో పాడింది. చెప్పాపెట్టకుండా వచ్చే గూడ్సు బండ్లు మాత్రం రెండుసార్లు పాడుచేశాయి. మూడోసారికి కుదిరింది.

"విడవలూరి వదినమ్మ పులుసు పెట్టెనే,
ముక్క కొరకు గరిటె వేసి నేను వెతికితే,
గరిటె మునిగె, చెయ్యి మునిగె, ముక్క దొరకదే,
పులుసు ఇంటనున్నదీ, చేప కడలినున్నదీ!"

మా వైపు ఆడమనిషిని ఇంకేమన్నా పడుతుంది గానీ, చేపల పులుసును అనకూడదు. పాటను ఫోనులో పంపించాక మా ఆవిడ వాళ్ళమ్మకు ఫోను చేసి, స్పీకరు ఆన్ చేసి ఎదురు చూసింది. అటు పాట చివరిదాకా మోగింది. తర్వాత పెద్దగా నవ్వు, నవ్వు వెనకే దగ్గు.

"నా పులుసులో ముక్కల్లేవా! పోయినసారి వచ్చినప్పుడు మీ అత్త తిన్న ముక్కలకి ముళ్ళు ఎత్తిపోసేదానికే మనిషిని పెట్టాల్సి వచ్చింది. దీనికి నేను ఇంకో పాట కడతా. అల్లుడుగారిని ఆదివారం రమ్మను."

పక్కనే ఉన్న అమ్మ ఫోను దగ్గరికి వంగింది. "కట్టు వదినా, కట్టు. నేనూ ఈడనే ఉండా."

అలా వదిలేస్తే ఆ ఆల్బమ్ ఇప్పటికీ పూర్తయ్యేది కాదు. మా ఆవిడ ఫోను లాక్కుని ఇద్దరికీ కలిపి చెప్పింది. "అమ్మా, నువ్వొకటి. అత్తా, నువ్వొకటి. ఇంగ ఎవురూ పాడొద్దు. నాట్లు మొదలైతే మా అమ్మకు తీరదు, బడుల్లో వార్షికోత్సవాలు మొదలైతే ఈయనకు తీరదు. ఇదే ఆఖరు." ఇద్దరూ సరేనన్నారు. ఆ మాట నేను చెప్పాల్సింది. నా చేత కాని పనిని ఆమె ఒక్క నిమిషంలో చేసేసింది.

పాటలన్నిటికీ చివరి మెరుగు పెట్టించడానికి రైలెక్కి చెన్నై వెళ్ళాను. అక్కడి ఇంజనీరు తమిళతను. తెలుగు అంతంత మాత్రం. అన్ని పాటలూ ఒకే మట్టంలో వినిపించేలా సరిచేస్తూ, రైలు పాట దగ్గర అర్థం అడిగాడు. వచ్చీరాని తమిళంలో చెప్పాను. పులుసు పాట అర్థం కూడా చెప్పాక కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "ఇద్దరికీ నిజంగా పడదా?" అని అడిగాడు. రోజూ పొద్దున్నే ఒకరికొకరు ఫోను చేసుకుంటారని చెప్పాను. ఒక కాపీ తన పెళ్ళానికి వినిపిస్తానని అడిగి తీసుకున్నాడు. ఆమెది తెలుగు కుటుంబమట.

పాటలను ఫోను యాప్‌లలో పెట్టేటప్పుడు గాయనుల పేర్లు ఇవ్వాలి. అత్తగారు ఒప్పుకోలేదు. "ఊళ్ళో నా పేరు తీసుకుని నవ్వుకుంటారు" అన్నారు. ఆమె పేరు లేకుండా తన పేరు ఉంటే బాగుండదంది అమ్మ. చివరికి ఒకరిని 'ఆడపెళ్ళివారి తల్లి' అనీ, ఇంకొకరిని 'మగపెళ్ళివారి తల్లి' అనీ రాసి పెట్టాను. పాటలు విడుదలైన రోజు పొద్దున్నుంచీ ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. వింటున్నవాళ్ళంతా మా బంధువులే. వాళ్ళయినా ఎవరి గురించి పాడారో చూసుకోవడానికి వింటున్నారు. వారం గడిచేసరికి వాళ్ళూ ఆగిపోయారు.

నేను దిగులుగా తిరుగుతున్న రోజుల్లో సూళ్లూరుపేట నుంచి ఒక పాత స్నేహితుడు ఫోను చేశాడు. మేమంతా భాయ్ అని పిలుస్తాం. షామియానాలు, సౌండు పెట్టెలు అద్దెకిస్తాడు. వాళ్ళ నాన్న కాలం నుంచీ అదే వ్యాపారం. మా ఆర్కెస్ట్రాకు మైకులు ఇచ్చింది అతనే. నేను సంగతి చెబితే నవ్వాడు.

"పెళ్ళిపాటలు ఫోన్లో పెట్టుకుని ఒంటరిగా ఎవురు వింటారన్నా? పెళ్ళిలో గదా వినేది. పెన్‌డ్రైవులో వేసి నాకియ్యి."

ఇచ్చాను. వచ్చే ముహూర్తానికి అక్కడ ఒక పెళ్ళి ఉంది, నన్నూ రమ్మన్నాడు. వెళ్ళి అతని పెట్టెల వెనక స్టూలు మీద కూర్చున్నాను. మగపెళ్ళివారు విడిది నుంచి దిగి వస్తున్నారు. పెళ్ళికొడుకు తల్లి ముందు నడుస్తోంది. భాయ్ లడ్డు పాట పెట్టాడు. మొదటి చరణానికి ఆడపెళ్ళివారి వైపు ఈలలు. రెండో చరణానికి మగపెళ్ళివారి పెద్దమనిషి ఒకాయన కండువా సర్దుకుంటూ మా దగ్గరికి వచ్చాడు.

"ఏందయ్యా, పిలిచి అవమానం చేస్తుండారా? మావాళ్ళు తిండికి మొహం వాచినోళ్ళా?"

నేను స్టూలు మీద నుంచి లేచాను. భాయ్ మాత్రం కంగారు పడలేదు. "ఒక్క నిమిషం కూర్చోండి పెద్దాయనా, మీ పాట గూడా ఉండాది" అని మా అమ్మ పులుసు పాట పెట్టాడు. పెద్దాయన సగం తిరిగి నిలబడే విన్నాడు. చేప సముద్రంలోనే ఉందన్న మాట దగ్గర ఆయన పొట్ట ఊగడం మొదలైంది. "అదీ మాట! శబ్దం పెంచు" అన్నాడు. ఆ తర్వాత మాకు పనే లేదు. ఒక వైపు వాళ్ళు వాళ్ళ పాట అడుగుతారు, రెండో వైపు వాళ్ళు తమ పాట. తాళి కట్టే ముందు పురోహితుడు చెయ్యి పైకెత్తి బతిమాలితే ఆపాం.

ఆ రోజు పెన్‌డ్రైవులు తెచ్చుకోలేదే అని బాధపడ్డాను. మరుసటి పెళ్ళికి సంచీ నిండా పట్టుకెళ్ళాను. కొన్నవాళ్ళు ఇళ్ళలో కన్నా ట్రాక్టర్లలో ఎక్కువ పెట్టుకున్నారు. పొలం గట్టు మీద వెళుతుంటే ఏదో ట్రాక్టరు నుంచి మా అమ్మ గొంతు వినిపించిందని విడవలూరు నుంచి అత్తగారే కబురు చేశారు, కొంచెం అసూయగా. చుట్టుపక్కల షామియానా వాళ్ళంతా భాయ్ ద్వారా తీసుకున్నారు. అప్పుడు విన్నవాళ్ళే యాప్‌లలోకి వెళ్ళి మళ్ళీ వెతుక్కున్నారు.

తర్వాత అసలు వ్యాపారం ఇంకో దారిలో మొదలైంది. ఒక సూళ్లూరుపేట కుటుంబం ఫోను చేసి, మా వియ్యపురాలికి రైలు పొసగదు, మా ఊరికి తగ్గట్టు ఒకటి కట్టిస్తారా అని అడిగారు. అత్తగారికి చెప్పాను. అంటే, మా ఆవిడకు చెప్పాను. కొట్టుగది నుంచి ప్రశ్నలు వచ్చాయి. "ఆమె లావా సన్నమా? కాఫీ తాగుద్దా, టీ తాగుద్దా? కోపమెక్కువా?" కాఫీ, కోపం ఎక్కువ అని వాళ్ళు చెప్పారు. సాయంత్రానికి పాట తయారు.

"నిప్పు పెట్టకుండానే లేచెనమ్మ రాకెట్టు,
రాకెట్టు కాదు కాదు, వియ్యపురాలు!
ఎంత పైకి పోయెనో ఎవరికెరుక గాని,
కాఫీ గ్లాసు చూపగానే కిందికొచ్చెనే!"

రాకెట్లు వదిలే షార్‌లో ఉద్యోగం చేసే పెళ్ళికొడుకు ఆ పాటను తన ఆఫీసు వాళ్ళందరికీ వినిపించాడట. అప్పటి నుంచి ముహూర్తాల రోజులొస్తే మా ఇంటికి ఫోన్లే. ఆడపెళ్ళివారికి కావాలంటే విడవలూరు, మగపెళ్ళివారికి కావాలంటే బిట్రగుంట. మా అమ్మ ఇప్పుడు పాట మొదలెట్టే ముందు మిరియాల పాలు తాగుతోంది. గొంతు జాగ్రత్తట. వచ్చిన దాంతో ఒక మంచి మైకు కొన్నాను. ఇద్దరికీ చీరలు తెస్తే, ఎవరి చీర బాగుందో తేలక రెండూ మార్చుకుని కట్టుకున్నారు.

పోయిన వారం కావలి నుంచి ఒక పెద్దావిడ ఫోను చేశారు. మనవరాలి పెళ్ళి. "తిట్టుకునే పాటలు మాకొద్దు నాయనా. మా రెండు కుటుంబాలకీ అసలే మాటా మాటా వచ్చేస్తుండాది. వియ్యపురాళ్ళిద్దరూ ఒకరినొకరు పొగుడుకునే పాట ఒకటి కావాల" అన్నారు. చిన్న పనేగదా అని ఒప్పుకున్నాను. ఇద్దరినీ ఒకచోట చేర్చితే తొందరగా అవుతుందని అత్తగారిని మా ఇంటికి పిలిపించాను. ఇద్దరూ పెరట్లో చాప వేసుకుని కూర్చున్నారు. నేను గదిలో మైకు సిద్ధం చేసుకుని ఎదురు చూశాను.

"నువ్వు మొదలుపెట్టు వదినా" అంది అమ్మ.

"నువ్వే మొదలుపెట్టు. నీ ఇల్లు గదా."

చింతచెట్టు మీద కాకి అరిచింది. "మంచిదానా" అని అమ్మ ఒక మాట ఎత్తింది, తర్వాతి మాట దొరక్క ఆగిపోయింది. అత్తగారు "వదిన మనసు వెన్న" అన్నారు. "వెన్న అంటే ఎండకి కరిగిపోతా అనా?" అంది అమ్మ. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చేతులు నడుము మీద పెట్టుకుని చూస్తోంది. ఇంతవరకూ ఒక్క చరణమైనా కుదరలేదు. కావలి పెద్దావిడను ఇంకొంచెం గడువు ఇవ్వమని అడిగాను.